ఫైర్‌మన్ పొయ్యి వదిలి రావచ్చునా?

సినిమా మొదలై పది నిమిషాలైనా కాలేదు. మా నాన్నగారు చేయెత్తి, "ఒక్కసారి ఆపమ్మా" అన్నారు.

తెరమీద అమెరికా దేశపు ఆవిరి రైలొకటి పడమటి దిక్కుగా పోతోంది. ఇంజన్ ఫైర్‌మన్ మసి పట్టిన ముఖంతో ప్రయాణికుల పెట్టెలోకి వచ్చి, కథానాయకుడి ఎదుట కూర్చుని తాపీగా కబుర్లు చెబుతున్నాడు. నాన్నగారికి అది మింగుడు పడలేదు.

"ఏటమ్మా ఇది? ఫైర్‌మన్ ఇక్కడ కూర్చుంటే పొయ్యిలో బొగ్గు ఎవడేస్తున్నాడు? స్టీము పడిపోదా? టెండరు మీంచి పాక్కుంటూ వచ్చాడే అనుకో, డ్రైవరు ఊరుకుంటాడా? ఈ సినిమా తీసినవాడు జన్మలో ఇంజనెక్కలేదు."

ఆ మాట అనడానికి ఆయనకు అధికారం ఉంది. 1963లో బిలాస్‌పూర్ లోకోషెడ్డులో ఇంజన్ క్లీనరుగా చేరి, సెకండ్ ఫైర్‌మన్, ఫస్ట్ ఫైర్‌మన్, షంటరు మెట్లన్నీ ఒక్కొక్కటిగా ఎక్కి, గూడ్సు డ్రైవరుగా 2002లో పదవీ విరమణ చేశారు. మే నెల ఎండలో డబ్ల్యు.జి. ఇంజను పొయ్యి ముందు నిలబడి పారతో బొగ్గు వేసిన మనిషి. ఫైర్‌మన్ ఎప్పుడు ఎక్కడ ఉండాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

2022 డిసెంబరులో ఒక ఆదివారం రాత్రి మా ఇంటి హాలులో జరిగిన సంగతి ఇది. చూసినది ఏడుగురం. సినిమా పేరు 'డెడ్ మాన్'. తీసినది 1995లో. తీసినవారు జిమ్ జార్ముష్ అనే అమెరికన్ దర్శకుడు. కౌబాయ్ చిత్రమే, కాని నలుపు-తెలుపులో తీసిన చిత్రం. సినిమాలకు మార్కులు వేయడం ఈ శీర్షిక పని కాదని పాఠకులు ఎరుగుదురు. అయితే ఆ రాత్రి మొదలైన వాదం కొద్ది నెలల తరువాత మా ఇంట్లో మరొక పనికి వచ్చింది. అందుకే దానిని గురించి రాస్తున్నాను.

* * *

బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్ళేమిటని అడిగేవారికి ముందుగా ఒక మాట. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు దాని ప్రధాన మార్గం 1891 నాటికి పూర్తయింది. అదే కంపెనీ మార్గం ఇటు వాల్తేరు వరకూ సాగింది. పట్టాలు ఎటు పోతే మనుషులు అటు పోతారు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల పల్లెలనుంచి తరతరాలుగా జనం ఖరగ్‌పూర్‌కూ బిలాస్‌పూర్‌కూ తరలి వచ్చి, షెడ్డుల్లోనూ యార్డుల్లోనూ స్థిరపడ్డారు. ఆ రైల్వే 1955లో ఆగ్నేయ రైల్వే అయింది. 2003లో బిలాస్‌పూరే ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమయింది. అప్పటికి మూడేళ్ళ కిందటే ఊరు మధ్యప్రదేశ్‌నుంచి కొత్త రాష్ట్రమైన ఛత్తీస్‌గఢ్‌లోకి వచ్చింది. ఇన్ని పేర్లు మారినా మా ఇళ్ళలో తెలుగు, వీధిలో హిందీ, కూరల బజారులో ఛత్తీస్‌గఢీ అలాగే నడుస్తున్నాయి.

ఇన్ని భాషల మధ్య పెరిగినందువల్లనే కాబోలు, నేను అనువాదాన్ని వృత్తిగా చేసుకున్నాను. చదివినది ఆంగ్ల సాహిత్యం. ఆ రాత్రి ఈ సినిమా పెట్టడానికి కారణం కూడా ఆ చదువే. కథానాయకుడి పేరు విలియం బ్లేక్. కవి విలియం బ్లేక్‌ను చదువుకున్న నేను, ఆ పేరుగల గుమాస్తా కథ చూసి ఆనందించి, అందరికీ చూపించాలని ఉబలాటపడ్డాను. ఇంగ్లీషు రాని పెద్దలకు సంభాషణలు అప్పటికప్పుడు తెలుగులో చెప్పే పని కూడా నెత్తిన వేసుకున్నాను.

కథ చెప్పుకోవడానికి పెద్దది కాదు. క్లీవ్‌లాండ్ నగరపు లెక్కల గుమాస్తా ఒకడు, తల్లిదండ్రులు పోయి, పెళ్ళి తప్పిపోయి, ఉద్యోగం ఇస్తామన్న ఉత్తరం పట్టుకుని పడమటి కొసన ఉన్న 'మెషీన్' అనే ఊరికి రైల్లో వస్తాడు. అక్కడి లోహ కర్మాగారంలో ఆ ఉద్యోగం అప్పటికే మరొకరికి ఇచ్చేశారు. ఆ రాత్రే, కాగితపు పూలు చేసి అమ్ముకునే ఒక యువతి గదిలో, ఆమె మునుపటి ప్రియుడు పేల్చిన తూటా ఆమె ప్రాణం తీసి, ఆమె దేహంలోనుంచి వచ్చి ఇతని గుండె పక్కన దిగబడుతుంది. ఇతడు తిరిగి కాల్చిన తూటాకు ఆ ప్రియుడు చస్తాడు. వాడు కర్మాగారం యజమాని కొడుకు. యజమాని ముగ్గురు కిరాయి హంతకులను పంపుతాడు. పారిపోయిన గుమాస్తాను అడవిలో ఒక ఆదివాసి చూసి, గుండెలోని తూటా తీయరానిదని గ్రహించి, ఇతడే ఆ చనిపోయిన కవి అని నమ్మి, సముద్రం వరకు సాగనంపుతాడు. చివరకు పడవలో పడుకోబెట్టి నీళ్ళమీదికి తోస్తాడు. అంతే కథ. కౌబాయ్ సినిమా అనగానే మనం ఎదురుచూసే వీరుడు లేడు. పగ తీరిన సంతోషం లేదు. రెండు గంటల సినిమాలో ఒక మనిషి నెమ్మదిగా చనిపోతాడు.

* * *

ఇటువంటి చిత్రాన్ని గురించి లోకం ఏకాభిప్రాయానికి రాకపోవడం వింత కాదు. 1995 మే నెలలో కాన్ చలనచిత్రోత్సవంలో పోటీ చిత్రంగా దీనిని ప్రదర్శించారు. మరుసటి ఏడు అమెరికాలో విడుదల చేశారు. సుమారు 90 లక్షల డాలర్లతో తీసిన చిత్రం ఆ దేశంలో పది లక్షల డాలర్ల పైచిలుకు మాత్రమే వసూలు చేసింది. అమెరికాలో అందరూ చదివే విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలకుగాను ఒకటిన్నర ఇచ్చి ఊరుకున్నారు. అదే షికాగో నగరంలో మరొక పత్రికలో రాసే జోనథన్ రోజన్‌బామ్ దీనిని తలకెత్తుకుని, 2000లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఇద్దరూ ఒకే ఊరివారు. ఇద్దరి వృత్తీ సినిమాలు చూడడమే. చూసినది ఒకే సినిమా.

నలుపు-తెలుపు ఎందుకన్న దానిమీద కూడా తర్జనభర్జన జరిగింది. దర్శకుడు చెప్పిన కారణం సులువైనది. కథానాయకుడు తనకు తెలిసిన లోకాన్ని వదిలి తెలియని లోకంలోకి పోతున్నాడు. రంగులు ఉంటే ఆ కొండలూ ఆ దుమ్మూ వెనకటి కౌబాయ్ చిత్రాల్లో చూసినవే అనిపించి, ప్రేక్షకుడికి అంతా పరిచయమైనట్టు ఉంటుంది. రంగు తీసేస్తే ఆ పరిచయం పోతుంది. రాబీ ముల్లర్ అనే ఛాయాగ్రాహకుడు ఆ పనిని ఎంత శ్రద్ధగా చేశారంటే, భూర్జవృక్షాల బెరడులో కూడా పది రకాల బూడిదరంగులు లెక్కపెట్టవచ్చు.

సంగీతం నీల్ యంగ్ అనే గాయకుడిది. బొమ్మ తెరమీద నడుస్తుండగా చూస్తూ, అప్పటికప్పుడు చాలవరకు ఒక్క ఎలక్ట్రిక్ గిటారుమీదనే వాయించాడు. అది కొందరికి ప్రాణం, కొందరికి తలనొప్పి.

మా హాలులో కూడా అంతే జరిగింది.

మావయ్యది తిరస్కార పక్షం. ఆయన రైల్వే గార్డుగా పనిచేశారు. 1971లో సెలవుమీద పాసు రాయించుకుని ఊరికి వెళ్ళినప్పుడు విజయనగరంలో 'మోసగాళ్ళకు మోసగాడు' చూశారు. కృష్ణ గుర్రమెక్కిన ఆ చిత్రానికి ఆరుద్ర రచన, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం. రాజస్థాన్ ఎడారిలో రంగుల్లో తీశారు. యాభై ఏళ్ళు గడిచినా మావయ్య దృష్టిలో కౌబాయ్ సినిమాకు అదే కొలబద్ద. "మనవాళ్ళు అప్పుడే రంగుల్లో తీస్తే, వీళ్ళకు 1995లో రంగు కొనడానికి డబ్బుల్లేవా? పైగా హీరోకు తుపాకీ పట్టడం రాదు. బావా, మన కృష్ణ ఒక్క తూటాతో తేల్చేసేవాడు" అన్నారు. నేను దర్శకుడి కారణం చెప్పాను. "ఆ కారణం టిక్కెట్టుమీద అచ్చువేసి ఇమ్మను" అన్నారు. ఆ మాటకు నాదగ్గర సమాధానం లేకపోయింది.

మా అబ్బాయి ఇంజనీరింగు విద్యార్థి. వాడికి గిటారు పిచ్చి. తెరమీద ఏం జరుగుతున్నదో వాడు చూశాడో లేదో గాని, ఆ గిటారు మోగినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాడు. నాన్నగారు, "యార్డులో బఫర్లు గుద్దుకున్నట్టుంది" అన్నారు. "సరిగ్గా అదే తాతా" అన్నాడు వాడు. ఒకే వర్ణన ఒకరికి నింద, మరొకరికి మెప్పు. మా వారు మొదటి అరగంటలోనే నిద్రలోకి జారుకున్నారు. ఆ అభిప్రాయాన్ని కూడా గౌరవించి లెక్కలోకి తీసుకోవలసిందే.

నాన్నగారి స్నేహితుడొకాయన ఎకౌంట్స్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవారు. మాకు బాబాయిగారు. గుమాస్తా ఉత్తరం చేతపట్టుకుని ఆఫీసులోకి వస్తే, ఆ ఉద్యోగం నిండిపోయిందని చెప్పి అందరూ పకపక నవ్వే ఘట్టం ఉంది. అక్కడ బాబాయిగారు కుర్చీలో ముందుకు జరిగారు. రైల్వేలో చేరకముందు, ఏదో కంపెనీ పంపిన ఉత్తరం నమ్మి, తల్లి గాజులు అమ్మిన డబ్బుతో పరాయి ఊరు వెళ్ళి, అక్కడ అదే మాట విని తిరిగి వచ్చారట. నలభై ఏళ్ళుగా తెలిసినవారు, ఆ సంగతి మాకెవరికీ ఎన్నడూ చెప్పలేదు. "నవ్వారు చూడండి. అలాగే నవ్వుతారు" అన్నారు. ఆ తరువాతి కథ మాత్రం ఆయనకు పట్టలేదు. "ఉద్యోగం పోయినవాడి కథ చెప్పి చెప్పి అడవిలోకి తీసుకుపోయాడేమిటి?" అని విసుక్కున్నారు. మొదటి అరగంటకు నూరు మార్కులు, మిగిలినదానికి సున్న వేశారు.

* * *

అసలు చిక్కు నాకు ఎదురైనది అడవిలోనే.

ఆ ఆదివాసి పేరు 'నోబడీ'. కెనడాలోని సిక్స్ నేషన్స్ ప్రాంతానికి చెందిన కయూగా తెగ నటుడు గ్యారీ ఫార్మర్ ఆ వేషం వేశారు. ఆ పేరును తెలుగులో ఏమని చెప్పాలి? 'ఎవడూ కాడు' అందామంటే అది పేరు కాదు, వాక్యం. ఇంగ్లీషులో లేనితనం కూడా కర్తగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. తెలుగులో 'లేదు' అనే మాట వాక్యం చివర క్రియలోకి వచ్చి తీరాలి. అతడికి సంగతి నోబడీ చెప్పాడు అంటే, ఇంగ్లీషులో 'ఎవరూ చెప్పలేదు' అనీ అర్థమే, 'ఆ ఆదివాసి చెప్పాడు' అనీ అర్థమే. తెలుగులో రెంటిలో ఒకటి తేల్చుకోక తప్పదు. నేను పేరును పేరుగానే వదిలేశాను. తేల్చుకోవలసిన రోజు ముందున్నదని అప్పటికి తెలియదు.

ఇంకొక చిక్కు మరీ పెద్దది. ఆ చిత్రంలో ఆదివాసులు క్రీ, బ్లాక్‌ఫుట్ మొదలైన తమ భాషల్లో మాట్లాడుకుంటారు. ఆ మాటలకు దర్శకుడు కావాలనే కింద అనువాదం వేయలేదు. ఆ భాషలు తెలిసినవారికే ఆ మాటలు, అక్కడి హాస్యమూ చెందాలని ఆయన ఉద్దేశం. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. "ఏటన్నాడు?" అని నాన్నగారు. "తెలియదు నాన్నా" అని నేను. "మరి నీ చదువెందుకు?" అని మావయ్య. అందరూ నవ్వారు.

మా పిన్ని ఒక్కతే నవ్వలేదు. అంతవరకు పెదవి విప్పకుండా చూస్తున్నది. "ఊరుకోండి. ఆ అబ్బాయి మొహం చూస్తే తెలుస్తలేదా? వాడిని తిడుతున్నాడు, ఇంకోపక్క జాలి పడతన్నాడు" అన్నది. ఆ తరువాత మెల్లగా చెప్పింది. పదహారో ఏట పెళ్ళి చేసుకుని శ్రీకాకుళం పక్క పల్లెనుంచి బిలాస్‌పూర్ క్వార్టర్లలోకి వచ్చినప్పుడు ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు తనను గురించి ఏం మాట్లాడుకుంటున్నారో రెండేళ్ళపాటు ముఖాలు చూసే తెలుసుకున్నది. "మాటలు రాకపోతే మనిషికి ఏమీ తెలియదనుకుంటారు. అప్పుడే ఎక్కువ తెలుస్తాది" అన్నది.

బ్లేక్ పేరు ఎన్నడూ వినని పిన్ని చివరివరకు రెప్పవేయకుండా చూసింది. కారణం నేననుకున్నది కాదు. కవి బ్లేక్ 1757లో లండన్‌లో పుట్టి 1827లో అక్కడే పోయాడనీ, చెక్కుడుపనివాడనీ, తన పుస్తకాలు తానే అచ్చువేసుకున్నాడనీ, 1809లో పెట్టిన ఒకే ఒక్క చిత్ర ప్రదర్శనకు ఒకే ఒక్క సమీక్ష వస్తే అందులో ఆయనను పిచ్చివాడన్నారనీ నేను అంతకుముందే అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అదంతా ఆమె వినలేదు. వినకపోవడమే మంచిదయింది. ఆలోచిస్తే, తెరమీది గుమాస్తా కూడా ఆ కవిని చదివినవాడు కాడు. చదివినవాడు నోబడీ. అతడిని చిన్నతనంలో పట్టుకుని బోనులో పెట్టి ఇంగ్లండు తీసుకుపోతే, అక్కడ ఆ చదువు అబ్బింది. తిరిగి వస్తే, అతడు చెప్పినది ఎవరూ నమ్మక, పెద్దగొంతుతో ఉత్తమాటలు చెప్పేవాడని అతడికి పేరుపెట్టారు. ఆంగ్ల సాహిత్యం చదివి మా రైల్వే కాలనీకి తిరిగివచ్చిన నాకు ఆ పేరు కొంచెం గుచ్చుకున్నదంటే పాఠకులు నమ్మాలి.

ఇక నాన్నగారు. రైలు కిటికీల్లోంచి ప్రయాణికులు అడవిదున్నలను కాల్చే ఘట్టం చూసి, "ఇలా నిజంగా కాల్చారా?" అని అడిగారు. కాల్చారు. 1869 మే 10న అమెరికా రెండు తీరాలనూ కలిపే పట్టాలు యూటాలో ముడిపడ్డాయి. కోట్లలో ఉన్న ఆ మందలు తరువాతి ఇరవై ఏళ్ళలో కొన్ని వందలకు దిగిపోయాయి. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. ఆయన బతుకంతా రైలే. రైలు వచ్చినచోట చావు వస్తుందనే సినిమాను ఆయన మెచ్చుకుంటారని ఆశించడం నాదే పొరపాటు. సినిమా అయ్యాక లేచి, "ఫైర్‌మన్ పొయ్యి వదిలి రాకూడదు. అక్కడే ఈ కథ చెడింది" అని తీర్పు చెప్పి పడుకున్నారు.

* * *

2023 మార్చిలో నాన్నగారికి ఆకలి తగ్గింది. కళ్ళు పచ్చబడ్డాయి. పరీక్షలు చేయించాము. డాక్టరు నన్నూ మా తమ్ముడినీ కూర్చోబెట్టి ఇంగ్లీషులో చెప్పారు. నాన్నగారికి హిందీ మాలో అందరికంటె బాగా వచ్చు కనుక, ఆయన ఎదుట ఇంగ్లీషు. క్లోమంలో కాన్సర్. కాలేయానికి పాకింది. మూడు నెలలు, మహా అయితే నాలుగు.

నాన్నగారు నావైపు తిరిగి, "ఏటంటున్నారమ్మా?" అన్నారు.

ఇరవై ఏళ్ళుగా అనువాదమే నా జీవనం. ఒక్క వాక్యం జారిపోయినా నిద్రపట్టని మనిషిని. "కామెర్లు నాన్నా. వయసు కదా, కోలుకోవడానికి కాస్త సమయం పడుతుందంటున్నారు" అన్నాను.

చెప్పవద్దన్నది తమ్ముడి మాట. చెబితే ధైర్యం పోతుంది, ఉన్న రోజులు కూడా పోతాయి అన్నాడు. మావయ్యదీ అదే మాట. పిన్ని మాత్రం, "ఆయనకు తెలియదనుకుంటన్నారా?" అన్నది. నేను ఏ పక్షమూ పట్టలేక ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఒక పక్షమేనని తరువాత తెలిసింది. మా ఇంట్లో ఆయనకు సంగతి చెప్పినది 'నోబడీ'. ఈసారి ఆ మాటకు ఒకటే అర్థం.

వారం గడిచింది. ఒక సాయంత్రం నేను మందులు ఇస్తుండగా నాన్నగారు ఉన్నట్టుండి, "ఆ సినిమాలో ఫైర్‌మన్ వచ్చి ఏం చెప్పాడమ్మా?" అని అడిగారు.

చెప్పాను. గుమాస్తా తన ఉద్యోగం ఉత్తరం చూపిస్తాడు. ఫైర్‌మన్‌కు చదువు రాదు. అయినా, కాగితంమీది మాటను నమ్మనంటాడు. నువ్వు పోయేచోట నీకు ఉద్యోగానికి బదులు గొయ్యి దొరకవచ్చునంటాడు.

"అంతేనా?"

"పడవ సంగతి కూడా ఏదో అంటాడు. పడవలో ఉండడం, తరువాత పడుకుని పైకప్పు చూడడం గురించి. అప్పటికి పడవ రాలేదు. చివర్న వస్తుంది."

నాన్నగారు కొంచెంసేపు కిటికీవైపు చూశారు. మా ఇంటికి యార్డు చప్పుడు వినిపిస్తుంది. కోర్బావైపునుంచి బొగ్గు రైలు వస్తున్నట్టుంది.

"వాడు రావడం తప్పే. ఇప్పటికీ అదే అంటాను" అన్నారు. "కాని ఆ రైల్లో అంతమంది ఉన్నారు కదా, ఎవడూ వాడికి నిజం చెప్పలేదు. వీడు పొయ్యి వదిలేసి వచ్చి చెప్పాడు. డాక్టరు మాట్లాడినంతసేపూ నేను ఆయన్ని చూడలేదమ్మా. నీ మొహం చూశాను. నువ్వు ఎప్పుడూ అంత చిన్న తర్జుమా చెయ్యవు."

ఆ రాత్రి రిపోర్టు తెచ్చి ఆయన పక్కన కూర్చుని, మొదటి పంక్తినుంచి చివరి పంక్తివరకు తెలుగులో చెప్పాను. తెలుగులో మాట లేనిచోట వివరించాను. తెలియనిచోట తెలియదన్నాను. అరగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆపించి మళ్ళీ చెప్పించుకున్నారు, సిగ్నలు పలికించి చూసుకున్న డ్రైవరులాగా. అంతా విని, "అయితే ఊరికి వెళ్ళొద్దాం" అన్నారు.

విశాఖ రైలెక్కి బొబ్బిలి దగ్గరి మా పల్లెకు వెళ్ళాము. పదిహేను రోజులు ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా మాటలు లేని పెదనాన్నగారి కొడుకును పిలిపించి, గట్టు తగాదా తేల్చి, వాళ్ళింట్లో భోజనం చేశారు. చిన్నప్పుడు ఈదిన చెరువు గట్టున కూర్చున్నారు. తిరిగివచ్చాక పింఛను కాగితాలు, బ్యాంకు కాగితాలు నాకూ తమ్ముడికీ ఎదురుగా పెట్టి చెప్పారు. తమ్ముడు తాను వద్దన్న సంగతి ఆయనతోనే చెప్పుకుని ఏడ్చాడు. నిజం తెలిసిన రోజునుంచి ఆయనకు దక్కినవి పదకొండు వారాలు. తెలియకపోతే అవి మరొక రెండు వారాలు పెరిగేవని తమ్ముడు ఇప్పటికీ అంటాడు. కావచ్చు. ఆ వాదం కూడా మా ఇంట్లో తేలలేదు.

* * *

ఒక చిత్రం కొందరికి నచ్చి కొందరికి నచ్చకపోతే, నచ్చినవారు రసజ్ఞులనీ, నచ్చనివారికి అర్థం కాలేదనీ తేల్చడం మా చదువుకున్నవాళ్ళకు అలవాటు. ఆ ఆదివారం రాత్రి నేనూ మనసులో అలాగే అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. పిన్ని కుళాయి దగ్గర నిలబడి చూసింది. బాబాయిగారు ఎవరిదో ఆఫీసు గుమ్మంలో నిలబడి చూశారు. మావయ్య విజయనగరం సినిమాహాలులో ఇరవై ఏళ్ళ కుర్రాడుగా కూర్చునే చూశారు. నేను క్లాసు గదిలోంచి చూశాను. నాన్నగారు ఫుట్‌ప్లేటుమీదినుంచి చూశారు. నచ్చలేదన్న ఆయనే ఆ సినిమాను మా అందరికంటె జాగ్రత్తగా చూశారని నాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. తప్పు పట్టడానికి కూడా శ్రద్ధ కావాలి. ఎదుటివాడు "బాగులేదు" అన్నప్పుడు, ఎక్కడనుంచి చూశావని అడగడం ఇప్పుడు కొంచెం నేర్చుకున్నాను.

జూన్ మొదట్లో, ఆయనకు ఇక మంచం దిగే ఓపిక లేని రోజుల్లో, ఈ సంగతి ఎప్పుడైనా రాయవచ్చునా అని అడిగాను. రాయమన్నారు. మరి సినిమా ఎలా ఉందన్నారని రాయమంటారు అని అడిగాను. మాట మెల్లగా వచ్చింది గాని, తడుముకోలేదు.

"బాగులేదన్నవాళ్ళలోనే రాయి" అన్నారు.

అలాగే రాస్తున్నాను.